పండ్లపొడికి ఉజ్జీవ కరపత్రం

యోబు మాస్టారు వెలుగోడు బడిలో ఉద్యోగం వదిలేసి ఆళ్లగడ్డలో పళ్లు తోముకునే పండ్లపొడి నూరుతున్నాడని విని ముక్కున వేలేసుకోని వాళ్లు లేరు. ఆ బడికి హెడ్మాస్టరు యోహాను. యోబు భార్య సలోమికి సొంత అన్న. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. యోబు నల్లబల్ల మీద ఏది రాసినా పిల్లల ముందరే దాన్ని తుడిచేసి, "బావా, వాక్యం ఇట్ల రాయాల" అని యోహాను మళ్లీ రాసేవాడు. మనిషన్నవాడు ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు? ఒకరోజు సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని బస్సెక్కేశాడు.

నాపరాయి పొడి, ఉప్పు, లవంగం, కాస్త కర్పూరం. అదీ ఆయన కనిపెట్టిన పండ్లపొడి. పొట్లాలు కట్టి మంచం కింద పేర్చాడు, మంచం కింద నిండితే బీరువా మీద పేర్చాడు. కొనేవాడే రాలేదు. సలోమి నోరు పారేసుకునే మనిషి కాదు గానీ, దసరా దాటాక ఒకనాడు తేల్చి చెప్పేసింది.

"క్రిస్మస్ లోపల ఈ పొట్లాలు ఇల్లు దాటాల. దాటకుంటే వెలుగోడికి పొయ్యి మాయన్న ముందర నిలబడి ఉద్యోగం అడుక్కో."

బావ ముందు నిలబడటం కంటే అవుకు చెరువులో దూకడం నయమనిపించింది యోబుకు. కానీ ఈత వచ్చు, ఏం లాభం?

సరుకు అమ్ముడుపోవాలంటే కరపత్రం వేయించాలి. నంద్యాల చుట్టుపక్కల బట్టలకొట్టు కరపత్రమైనా, సర్కసు కరపత్రమైనా, చర్చివాళ్లు జరిపే ఉజ్జీవ కూటాల కరపత్రమైనా రాసేది ఎవరు? ఆ యోహానే. అడిగితే ఊరికే రాసిచ్చేవాడు, కాకపోతే దాంతోపాటు ఒక పూట ఉపదేశం వినాలి. ఛీ, ఆ గడప తొక్కేది లేదనుకుని యోబు తానే రాయడానికి కూర్చున్నాడు. "మా పండ్లపొడి చాలా మంచిది" అని రాశాడు. ఆ తర్వాత కలం కదిలితే ఒట్టు. ఊళ్లో పిల్లకాయల వ్యాసాలన్నిటికీ తప్పులు దిద్దిన చెయ్యి, పాపం, రెండో వాక్యం దగ్గర పడకేసింది.

మర్నాడు ఉత్తచేతులతోనే నంద్యాల ప్రెస్సుకు పోయాడు. అచ్చు అక్షరాలు పేర్చే పుల్లయ్య బల్ల మీద, కిందటి నెల ఉజ్జీవ కూటాల కరపత్రం మ్యాటరు విప్పకుండా దారంతో కట్టి అట్లాగే ఉంది. ఆ కూటాలకు వచ్చిన జనం సంగతి యోబు కళ్లారా చూసినదే. మైదానంలో కాలు పెట్టడానికి చోటు లేదు.

"పుల్లయ్యా, దీంట్లో నాలుగు మాటలు మారిస్తే సరిపోదా?"

"మీదే ఆలస్యం సార్. నాకూ పని బేగా అయిపోతాది."

అది బావ రాసినదేనని యోబుకు తెలుసు. అడగకుండా తీసుకుంటున్నానన్న సంతోషం మాత్రం ఇంతా అంతా కాదు. "పాపభారముతో నలుగుచున్న వారలారా" అన్నచోట "పంటిపోటుతో నలుగుచున్న వారలారా" అయింది. "వాక్యము" పోయి "పొడి" వచ్చింది. "ఏండ్ల తరబడి పట్టిన నలుపు తొలగి, తెల్లని హిమము వలె కాగలరు, రండి, పొందండి" అన్నది పంటికి కూడా పనికొస్తుంది కాబట్టి ముట్టుకోలేదు. స్థలం దగ్గర తన ఇల్లు, తేదీ దగ్గర వచ్చే శనివారం పెట్టించాడు. పావుగంటలో పనైపోయింది. దీనికా బావ అంత బడాయి పోయేది అనుకుంటూ, దార్లో మిఠాయి కూడా కొనుక్కుని తిన్నాడు.

అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో రెండు వరుసలున్నాయి. వాటిని ఆయన చూడలేదా అంటే, చూశాడు. పుట్టిన దగ్గర్నుంచి ప్రతి కూటాల కరపత్రం కిందా ఉండే వరుసలే కదా, కన్ను వాటి మీదుగా జారిపోయింది. ఇంటి గోడకున్న మేకును ఎవరైనా రోజూ చూస్తారా?

కరపత్రాలు బస్సుల్లో అవుకు పోయాయి, వెలుగోడు పోయాయి, బెలుం దాకా పోయాయి.

శనివారం తెల్లారేసరికి వాకిట్లో జనం. బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు, బస్సు దిగి నడిచి వచ్చినవాళ్లు, ముసలీ ముతకా, చంకల్లో పిల్లలు. యోబుకు ఒళ్లు పులకరించింది. "చూస్తాండావా సలోమీ? రాత అంటే ఇదీ" అన్నాడు. సలోమి మాత్రం ఇంకోటి చూస్తోంది. వచ్చినవాళ్లలో సగం మంది చంకలో చాపచుట్ట ఉంది.

అవుకు నుంచి వచ్చిన జీవమ్మ అనే పెద్దావిడ అరుగు మీద చాప పరుచుకుని, కాళ్లు చాపి కూర్చుంది.

"బోజనం ఎన్ని గంటలకు సారూ?"

యోబు నవ్వాడు. ఆమె నవ్వలేదు. కొంగు ముడి విప్పి కరపత్రం తీసి ఇచ్చింది. అడుగున ఉంది: "దూరప్రాంతముల వారికి భోజన వసతి కలదు. ఎవరి పడక వారు తెచ్చుకొనవలెను."

యోబు గబగబా లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసి, "అచ్చుతప్పని చెప్పి పంపిచ్చేద్దామా?" అన్నాడు.

"కూడు పెడతామని పిల్చి ఎట్ల పంపిస్తావు? నీకు సిగ్గు ల్యాకపోతే నాకుంది" అంది సలోమి. అని ఊరుకోలేదు. చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకు వాడే గుండిగలు తెప్పించింది, ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచింది, పొయ్యిలు తవ్వించింది. ఏడాదికని దాచిన బియ్యం అంతా ఆ గుండిగల్లో పడింది.

అన్నం ఉడికేలోపల యోబు కుర్చీ ఎక్కి పండ్లపొడి గొప్పతనం చెప్పాడు. జనం బుద్ధిగా విన్నారు. చివర్లో అందరూ కలిసి "ఆమెన్" అన్నారు. పాట ఎప్పుడు పాడతారని ఒకరడిగారు, వాక్యం చెప్పే అయ్యగారు ఏ బస్సుకొస్తారని ఇంకొకరు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా పొట్లం ధర అడగలేదు. ఇక వెలుగోడే గతి అని యోబు గుండెల్లో రాయి పడింది.

ఆ రాయి చాలదన్నట్టు పంక్తిలో యోహాను కనిపించాడు. పప్పన్నం రెండోసారి పెట్టించుకుంటున్నాడు.

"కరపత్రం బాగుంది బావా. నేను రాసినప్పుడు గూడా బాగుండె" అన్నాడు. యోబు ఆ విస్తరి పక్కనే భూమి చీలితే బాగుండుననుకున్నాడు.

భోజనాలయ్యాక ఆడవాళ్లంతా గుండిగల చుట్టూ చేరారు. ప్రేమవిందు తిన్నవాళ్లు పాత్రలు తోమి పోవడం వాళ్ల ఆనవాయితీ. తోముదామంటే పొయ్యిలో బూడిదింకా నిప్పుల మీదుంది. జీవమ్మ అటూ ఇటూ చూసి, యోబు ఉపన్యాసంలో విప్పి చూపించిన పొట్లం అందుకుని గుండిగ మీద చల్లి, కొబ్బరిపీచుతో నాలుగు రుద్దులు రుద్దింది. ఎన్ని క్రిస్మస్‌ల మసో, తొక్క ఒలిచినట్టు ఊడొచ్చింది. "ఓయమ్మా, దీన్లో నా మొగం కనపడతాండాది" అంది.

"అది పండ్లకమ్మా" అన్నాడు యోబు.

"పండ్లకా? దీంతో తోముకుంటే చిగుర్లుంటాయా సారూ? నాకు నాలుగు పొట్లాలియ్యి."

ఆ తర్వాత ఆయన మాట వినిపించుకున్నవాళ్లు లేరు. పొద్దు వాలేలోపల మంచం కింద ఖాళీ, బీరువా మీద ఖాళీ.

సోమవారం మళ్లీ జనం వచ్చారు, ఈసారి చాపలు లేకుండా. యోబు హుషారుగా కొత్త కరపత్రానికి కూర్చుని, "మసి అను చీకటిలో మగ్గుచున్న పాత్రలారా" అని మొదలుపెట్టాడు. సలోమి అది చదివి, పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి వీధి తలుపు మీద రాసింది: "గిన్నెలు తోమే పొడి ఈడ దొరుకుతుంది."

"ఇంతేనా?" అన్నాడు యోబు. ఆయనకు నిజంగానే బాధేసింది. "తయారీ యోబు మాస్టారు అనన్నా రాయి."

"ఎవురు చేసినారో గిన్నెకేంటికి?"

యోబు తలుపు దగ్గరికి పోయి పరీక్షగా చూశాడు. అక్షరాలు గుండ్రంగా, దిద్దడానికి ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. అడగాల్సింది ఇంకొక్కటే మిగిలింది, అది చిన్నగా అడిగాడు.

"అయితే నేను వెలుగోడు పొయ్యే పన్లేదు గదా?"

"నువ్వు పోతే రాయి ఎవురు దంచుతారు?" అంది సలోమి, రోకలి తెచ్చి ఆయన చేతిలో పెడుతూ. "పోయినసారి మరీ సన్నగా దంచినావు. ఈసారి రోంత గరుగ్గా ఉండనీ."