మేస్త్రి నోటి మాట

ముహూర్తాలు లేని నెల కావడంతో గద్వాలలో ఆ ఫంక్షన్ హాలు అడిగిన వెంటనే దొరికింది. వేదిక మీది వధూవరుల కుర్చీలను మూలకు జరిపి, ప్లాస్టిక్ పూల తోరణం కింద ఒక బల్ల వేశారు. బల్ల వెనక పరీక్షకులు నవనీత, హెగ్డే కూర్చున్నారు. కింద, విందు బంతులు వేసే చోట, నేల మీద పసుపు పట్టీ అంటించి చతురస్రం ఒకటి గీశారు. ఆ గీతకు లోపల ఉన్నది అణు విద్యుత్ కేంద్రమనీ, వెలుపల ఉన్నది మిగిలిన లోకమనీ ఆ పూటకు అందరూ ఒప్పుకున్నారు.

పడమటి సముద్రం దిక్కున ఉన్న ఆ విద్యుత్ కేంద్రాన్ని అప్పుడప్పుడు కొన్ని వారాల పాటు ఆపి, లోపలి యంత్రాలను విప్పి బాగుచేస్తారు. ఆ పనికి గద్వాల, వనపర్తి పల్లెల నుంచి కూలీల గుంపులు వెళ్లడం చాలాకాలంగా ఉన్నదే. అట్లా వెళ్లే ప్రతి గుంపుకూ ఒక సూపర్‌వైజరు ఉండాలి. రేడియేషన్ ఉన్న గదిలోకి ఎవరు వెళ్లాలో, ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు బయటికి రావాలో చెప్పే బాధ్యత ఆ మనిషిది. నిన్నమొన్నటి దాకా ఆ ఉద్యోగానికి పదో తరగతి సర్టిఫికెట్ తప్పనిసరి. గట్టు మండలం దిక్కు పల్లెల గుంపుకు మేస్త్రి అయిన బుచ్చన్నకు అది లేదు. అందుచేత కాంట్రాక్టరు మేనల్లుడు దినేష్ కాగితం మీద సూపర్‌వైజరై రేకుల షెడ్డులో ఫోను చూస్తూ కూర్చునేవాడు. గుంపును నడిపేది మాత్రం బుచ్చన్న.

ఈ ఏడు ఆ నిబంధన మారింది. చదువు కాగితం అడగడం మానేసి, మాతృభాషలో మౌఖిక పరీక్ష, చేతులతో చేసి చూపే పరీక్ష పెట్టారు. ఈ మార్పు కోసం సమావేశాల్లో పట్టుబట్టిన వారిలో నవనీత ఒకతె. రేడియేషన్ భద్రత గురించి కూలీలకు శిక్షణ ఇవ్వడం ఆమె ఉద్యోగం. తన వాదనలో ఆమె ఏనాడూ ఎవరి పేరూ ఎత్తలేదు గాని, మాట్లాడిన ప్రతిసారీ ఆమె మనసులో మెదిలింది బుచ్చన్నే.

ఆమె తల్లి పార్వతమ్మ ఒకప్పుడు బుచ్చన్న గుంపులోనే మట్టి మోసింది. కాలువ పనుల దగ్గర వేసిన టార్పాలిన్ గుడిసెల్లో నవనీత పెరిగింది. ఎక్కడ గుడిసెలు వేసినా, బుచ్చన్న ముందుగా అక్కడికి బడి ఎంత దూరమో కనుక్కునేవాడు. గాలివానకు టార్పాలిన్లు చిరిగిపోయినా, గట్టు విరిగి మట్టి జారినా, అందరి నడుమ నిలబడి "ఏం గాదు" అనేవాడు. ఆ మాటతో ఏడ్చే పిల్లలు ఊరుకునేవారు, పెద్దలు మళ్లీ పార పట్టేవారు. నిజంగానే ఏమీ అయ్యేది కాదు. అందుకే ఈ పరీక్షలో ఆయన నెగ్గుతాడన్న విషయంలో ఆమెకు అనుమానమే లేదు. ఇన్నేళ్లుగా ఆయన చేస్తున్న పనికి ఇకనైనా ఆయన పేరు వస్తుందనుకుంది.

పరిచయం సంగతి దాచకుండా హెగ్డేకు ముందే చెప్పింది. హెగ్డే ఉత్తర కన్నడ జిల్లా వాడు, నెమ్మదస్తుడు. తెలుగు రాదు.

"మీరు కాక తెలుగు వచ్చిన పరీక్షకులు ఇంకెవరున్నారు?" అన్నాడతను ఇంగ్లీషులో. "ప్రశ్న నేనడుగుతాను, మాట మీరు అటూ ఇటూ చేరవేయండి. నిర్ణయం ఇద్దరిదీ."

మొదట వచ్చింది రోజా. ముప్పై ఏళ్లది, బుచ్చన్న గుంపులోదే. ఒక్కడే పరీక్షకు కూర్చోవడం నామోషీ అనిపించి, తోడుకని బుచ్చన్నే ఆమె చేత పేరు ఇప్పించాడు. ఆమె సగం ప్రశ్నలకు తడబడింది. చేతి తొడుగులు విప్పే వరసలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు చేసి, నాలుక్కరుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. చివరికి అసలు ప్రశ్న వచ్చింది: పని మధ్యలో ఉండగా, రేడియేషన్ కొలిచే ఛాతీ మీది మీటరు మోగితే ఏం చేస్తావు?

"అందర్ని తీస్కోని బైటికొస్త సార్. అది ఎందుకు మోగిందో నాకు తెల్వదు గద."

"పని ఆగిపోయిందని కాంట్రాక్టరు తిడితే?" హెగ్డే ప్రశ్నను నవనీత తెలుగులోకి తెచ్చింది.

"తిట్టనీ సార్. ఆయన లోపలికి రాడు గద తిట్టనీకి!"

హెగ్డే నవ్వి ఏదో రాసుకున్నాడు. మీటరు ప్రశ్న దగ్గర తప్పినవాళ్లకు మిగతా మార్కులు ఎన్ని వచ్చినా సూపర్‌వైజరు ఉద్యోగం రాదని కొత్త నిబంధన. ఆ వాక్యం రాసినవాళ్లలో నవనీత కూడా ఉంది.

తరువాత బుచ్చన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచె. నవనీత వైపు పరాయి అధికారిని చూసినట్టే చూసి, చేతులు జోడించాడు. చేసి చూపే పరీక్షలో ఆయన ఎక్కడా తడుముకోలేదు. పసుపు గీత దాటేటప్పుడు కాలి తొడుగు ఒక్కొక్కటే విప్పి, విప్పిన కాలు గీతకు ఇవతల, విప్పని కాలు అవతల పెట్టిన తీరు చూసి హెగ్డే తల పంకించాడు. ఏ గదిలో ఏ ముసుగు, చెమట పడితే తుడుచుకోకూడదని ఎందుకు అన్నారు, గాయం ఉన్నవాళ్లను ఎందుకు లోపలికి పంపకూడదు, అన్నింటికీ జవాబు చెప్పాడు. నవనీత ఆ జవాబులను ఇంగ్లీషులోకి మారుస్తుంటే ఆమె గొంతులో ఉత్సాహం తొంగిచూస్తూనే ఉంది.

"ఇప్పుడు లోపల పని చేస్తున్నరు," అని మీటరు ప్రశ్న మొదలుపెట్టింది. "ఒక బోల్టు సగం విప్పిండ్రు. మీటరు మోగింది. పక్కనున్నామె బెదిరింది. ఏం చేస్తరు?"

"బెదరనియ్య," అన్నాడు బుచ్చన్న వెంటనే. "ఏం గాదు, నేనున్న గద అంట. ఆ బోల్టు బిగిస్త. గుంపునంత ముంగట పెట్టుకోని బైటికి తీస్కొస్త. నేను ఆఖరుకు వస్త."

నవనీత కలం ఆగింది. శిక్షణ తరగతిలో "మోగితే వెంటనే బయటికి" అని అందరితో పాటు ఆయన కూడా గొంతు కలిపి చెప్పాడు. ఇప్పుడు నడిమధ్యలోకి ఆ బోల్టు వచ్చి పడింది.

ఆమె హెగ్డే వైపు తిరిగింది. "భయపడినామెకు ధైర్యం చెప్పి, గుంపునంతా బయటికి తీసుకొస్తాడట. అందరి తరువాత తాను వస్తాడట," అన్నది. ఒక్క మాటా అబద్ధం కాదు. బోల్టు మాత్రం అందులో లేదు.

హెగ్డే రాయబోయి ఆగాడు. "వెంటనేనా?"

నవనీత అదే ప్రశ్నను జవాబు అందులోనే కనిపించేటట్టు మార్చి అడిగింది. "అంటే, మోగంగనే బైటికి వచ్చేస్తరు, అంతే గద పెద్దనాయినా?"

పెద్దనాయినా అన్న పిలుపు విన్నాక బుచ్చన్నకు ఎదుట అధికారి కనిపించడం మానేసింది. పని నేర్పే గొంతుతో చెప్పాడు. "గట్లెట్ల వస్తం బిడ్డా? సగమిప్పిన బోల్టు ఇడిసిపెట్టి వస్తె ఎనకొచ్చే గుంపుకు అది తెలుస్తదా? ఎవల మీద పడతదో ఏమో. మన పని మనమే ముగించాలె. జరసేపట్ల ఏం గాదు."

"చివర ఏదో అన్నాడు," అన్నాడు హెగ్డే. "ఇందాక కూడా అదే అన్నాడు. ఏమది?"

ఇంగ్లీషులో దానికి ఎన్ని మెత్తని మాటలైనా దొరికేవి. ధైర్యమనవచ్చు, భరోసా అనవచ్చు, పరిస్థితిని అదుపులో పెట్టుకోవడమనవచ్చు. నవనీత వాటిని ఒక్కొక్కటే మనసులో తీసి పెట్టింది. ఏ ఒక్కటీ ఆయన అన్న మాట కాదు. ఆ "ఏం గాదు" హెగ్డే మాతృభాషలో మాత్రం అచ్చంగా ఉంది. ఆమె పుట్టిన పల్లెకు కన్నడం పక్క ఊరంత దూరం.

"ఏనూ ఆగల్ల," అన్నది కన్నడంలో. ఆ వెంటనే, బయటికి వచ్చే ముందు ఆ బోల్టు బిగిస్తానని ఆయన అన్నాడని, తాను మొదట దాన్ని వదిలేశానని ఇంగ్లీషులో చెప్పింది.

హెగ్డే ముఖంలో ముందు చిరునవ్వే కనిపించింది. "మా అమ్మ అనేది ఈ మాట. నాకు జ్వరం వచ్చినప్పుడల్లా." ఆ తరువాత అతను బుచ్చన్నను కాసేపు చూశాడు. కలం బల్ల మీద పెట్టాడు. "మంచి మనిషి," అన్నాడు. ఫలితం ఏమిటో ఇద్దరికీ అర్థమైంది. రెండు సంతకాలు పడ్డాయి.

మధ్యాహ్నం విరామంలో నవనీత తానే వెళ్లి చెప్పింది. హాలు ఎదుటి చాయ్ హోటల్లో బుచ్చన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. సందు లోపలి నుంచి మగ్గం చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది.

"ఓడగొట్టిండ్రు గదా?" అన్నాడు ఆమె కూర్చోకముందే.

"లోపలి పనికి పాసయిండ్రు. సూపర్‌వైజరుగ కాలే. ఈ పని అయిపోయినంక మళ్ల పరీక్ష పెడతరు."

"దేంట్ల తప్పిన?"

"మీటరు మోగినంక గూడ బోల్టు బిగిస్త అన్నరు గద, దాంట్ల."

"ఆ సార్‌కు తెలుగే రాదాయె. నా మాటను నువ్వు ఏమని చెప్పినవ్?"

ఆమె తల వంచలేదు. "మొదలు బోల్టు సంగతి చెప్పలే. మళ్ల అడిగిండు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పిన."

బుచ్చన్న చాయ్ గ్లాసును అరచేతుల మధ్య తిప్పాడు. "మొదలు చెప్పినట్టె ఉంచితె?"

"పాసయితుంటిరి."

"నీ నోట్లె ఉండె అన్నట్టు." ఆయన గొంతులో కోపం లేదు. లెక్క తేలనివాడు మళ్లీ మొదటి నుంచి వేసుకుంటున్నట్టు ఉంది. "ఎందుకు చెప్పినవ్ బిడ్డా? ఇన్నేండ్లల్ల నా గుంపుల ఒక్కరికి ఒక్క గీత పడనిచ్చిన్నా?"

"పడనియ్యలే. మీరు మబ్బు చూస్తుంటిరి, గట్టు మీది పగులు చూస్తుంటిరి. ఏం గాదన్నరంటె ఏదో చూసే అన్నరని మా అమ్మ నమ్మేది, నేను నమ్మేదాన్ని. ఆ గదిల చూడనీకి ఏమున్నది పెద్దనాయినా? కంటికి కనపడదు, చేతికి తగలదు. ఆ మీటరుకే తెలుస్తది. అది మోగినప్పుడు మీరు ఏం చూసి చెప్తరు?"

బుచ్చన్న ఖాళీ గ్లాసును పక్కకు జరిపాడు. హోటలతను వచ్చి గ్లాసు తీసుకుపోయాడు.

"మరేమనాలె?"

"తెల్వదు, బైటికి పదండి అనాలె."

"తెల్వదు అనాల్నా!" బుచ్చన్న ఆమెను జాలిగా చూశాడు. "మేస్త్రి ఒక్కపాలి తెల్వదన్నడనుకో, తెల్లారేసరికి గుంపుల సగంమంది ఇంకో మేస్త్రి కాడుంటరు. మా పని గట్లుంటది బిడ్డా. చదువుకున్నోళ్లు తెల్వదంటె నిమ్మలం మనిషి అంటరు. మేము తెల్వదంటె తెల్వనోడే అంటరు." ఆ మీదట, "రోజా ఏమన్నది?" అని అడిగాడు.

"తెల్వదు గద, బైటికొస్త అన్నది."

"అట్లనే అంటది. అది ఎన్నడన్న మేస్త్రిగ ఉంటె గద." కసిరినట్టే అన్నాడు గాని, అంటూ అంటూనే నవ్వేశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "పాసయిందా?"

"అయింది."

హాలు వసారాలో గుంపు ఎదురుచూస్తోంది. బుచ్చన్న నెగ్గాక తాగిద్దామనుకున్న కూల్‌డ్రింకుల పెట్టె ఎవరూ మూత తీయకుండా అలాగే ఉంది. ఆయన నడక చూసే వాళ్లకు సంగతి తెలిసిపోయింది. రోజా గోడ పక్కకు ఒదిగి నిలబడింది, తప్పు చేసినదానిలా.

"ఈ సారి మేస్త్రి రోజా," అన్నాడు బుచ్చన్న. "నేను పనికొస్త. దాని మాట వినుండ్రి."

బుజ్జమ్మ ముందు తేరుకుంది. గుంపులో ఆయన ఈడు మనిషి ఆమె ఒక్కతే. "ఏందయ్యో! పిల్లకు పరీక్ష నేర్పవోతివి, నీ కుర్చీనే గుంజుకపాయె గద అది!"

"కుర్చీలు లోపల శాన ఉన్నయి, పెండ్లికొడుకు కుర్చీ గూడ ఉన్నది. పోయి కూసో పో!"

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక బుజ్జమ్మ ముఖం మారింది. కిందటిసారి ముసుగులో ఊపిరాడక కంగారుపడినది ఆమే. "అది గాదు, బుచ్చన్నా. ఆడ లోపల భయమైతె ఎవల్ని అడగాలె?"

బుచ్చన్న నోరు తెరిచాడు. మెట్ల మీద నిలబడిన నవనీతకు ఆ పెదవులు దేనికి విచ్చుకున్నాయో తెలుసు. చిన్నప్పటి నుంచి ఎరిగిన కదలిక అది. కాని ఆ మాట రాలేదు. ఆయన రోజా వైపు చూశాడు.

"నన్నడుగు అత్తా," అన్నది రోజా, గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చి. "నాకు తెలిస్తె చెప్త. తెల్వకుంటె అందరం బైటికొచ్చి, తెలిసినోళ్లను అడుగుదాం."

బుజ్జమ్మకు అది చాలలేదు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ మళ్లీ బుచ్చన్న వైపే తిరిగి నిలబడింది.

"మేస్త్రి చెప్పినంక ఇంక నా మొకం చూస్తవేంది?" అన్నాడాయన. వంగి కూల్‌డ్రింకుల పెట్టె మూత తానే తీసి, మొదటి సీసా రోజాకు అందించాడు.

లోపల వేదిక మీద హెగ్డే, పెబ్బేరు గుంపు మేస్త్రిని పిలవమంటున్నాడు. నవనీత మెట్లెక్కి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.