మనోరంజన్ గడి

శుక్రవారం మగ్గాలకు సెలవు. భివండీలోని నాగావ్ గల్లీ అంతా మరమగ్గాల చప్పుడు లేక చెవులు తేలికపడ్డ రోజు. రాజమణి ఇంట్లో మాత్రం కూతురు కాజల్ హడావుడి. వేరువేరు దేశాల ఇళ్లల్లో దేనికెంత ఖర్చు పెడతారో కనుక్కుని, సెలవులు అయ్యేలోగా కాగితం మీది గడుల్లో రాసుకు రమ్మని తొమ్మిదో తరగతి పిల్లలకు బడిలో చెప్పారట.

"పరదేశపోళ్లు మనకెవలు తెలుసే?" అంది రాజమణి పిండి పిసుకుతూ.

"మామ లేడా మస్కట్‌ల!"

రాజమణి తమ్ముడు భూషణ్ అక్కడ మేస్త్రీ. ఫోన్ చేయగానే తన గదిలో ఉండే ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాడు. నేపాల్ దిల్ బహదూర్ హిందీలో చెప్పాడు: సంపాదనలో సగం తిండికే, మిగిలింది పిల్లల ఫీజులకు. ఫిలిప్పీన్స్ రామోన్ మాటలు భూషణ్ విప్పి చెప్పాడు: వాళ్లకూ సగం బియ్యం, చేపలకే. ఆ తర్వాత పెద్ద ఖర్చు పుట్టినరోజులు. పాటల మిషన్ కిరాయికి తెచ్చి వాడకట్టంతా పాడాల్సిందే.

"గట్లనా! సగం తిండికే పోవుడు మన ఒక్కింట్లనే అనుకున్న," అని రాజమణి తెరిపిన పడింది.

"మమ్మీ, మనోరంజన్‌కు మనం ఎంత? సాంగ్ నా, చెప్పు!"

"గదేంది?"

"ఖుషీ కోసం పెట్టే పైసలు."

చాపమీద పడుకున్న తండ్రి గాలయ్య కళ్లు తెరవకుండానే అన్నాడు: "సున్నా రాయి బిడ్డా."

ఆ మాట రాజమణికి ఎక్కడో గుచ్చుకుంది. రామోన్‌కు లేని డబ్బు తమకు మాత్రం ఉందా? అయినా వాళ్లు పాడుకుంటున్నారు. పిండి చేతులు కడుక్కుని వచ్చి మొగుడి దుప్పటి లాగేసింది.

"లే. వజ్రేశ్వరి పోదాం."

"ఇప్పుడా? పిల్ల రాసుకునేదానికి బస్సు కిరాయి పెడతవా?"

"పెడత. పన్నెండేండ్లసంది పోదాం పోదాం అంటనే ఉన్నవు."

మధ్యాహ్నానికల్లా ముగ్గురూ వజ్రేశ్వరి వేడినీళ్ల గుండం దగ్గర ఉన్నారు. రోజుకు పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడే గాలయ్య మోకాళ్లదాకా కాళ్లు ముంచి "అబ్బబ్బా" అన్నాడు. అంతే, ఇక కదలలేదు. వడాపావ్ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. కాజల్ నీళ్లు చల్లితే పిల్లాడిలా కేకలు పెట్టాడు. అతను అంత గట్టిగా నవ్వడం రాజమణి ఎన్నాళ్లకో విన్నది.

తిరుగు బస్సులో కాజల్ కాగితం తీసింది. "బస్సు, వడాపావ్, చాయ్... మొత్తం మూడు వందల నలభై."

"దవాఖానా గడిల రాయి," అన్నాడు గాలయ్య. "కాళ్లనొప్పి సాఫ్ పోయింది."

"ఉత్తదే! మనోరంజన్‌లనే రాయి," అంది రాజమణి.

ఇద్దరూ భివండీ దాకా అదే కొట్లాట. బస్సులో సగం మంది గాలయ్య పక్షం, సగం మంది రాజమణి పక్షం. చివరికి రాజమణి మాటే నెగ్గింది.

మళ్లీ శుక్రవారం గాలయ్య అందరికన్నా ముందు లేచాడు. తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గుమ్మంలో నిలబడి అడిగాడు:

"ఇయ్యాల ఏడికి?"