కాల్పులు ఆపమన్నది నేనే

మా షూటింగ్ రేంజి గేటు దగ్గర ఒక చెక్క బోర్డు ఉండేది. ప్రమాదం కంటపడితే ఎవరైనా సరే ‘ఆపండి’ అని అరవొచ్చని, అరుపు వినపడగానే అందరూ తుపాకుల మీంచి చేతులు తియ్యాలని దాని మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. ఎవరైనా అంటే ఎవరైనా. ట్రోఫీలు కొట్టినవాడైనా, ఆ పొద్దునే చేరినవాడైనా, శాండ్విచ్‌లు పట్టుకొచ్చిన పెళ్ళామైనా. కొత్తవాళ్ళని ఆ బోర్డు ముందు నిలబెట్టి చదివించి, చూశారా, మా దగ్గర పెద్దా చిన్నా తేడా లేదని చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు. నాకు అప్పుడే ఒళ్ళు మండేది. చక్కెర ఫ్యాక్టరీలో బీట్ దుంపల మట్టి కడుగుతూ, యూనియన్ పని చేస్తూ సగం బతుకు గడిపినదాన్ని. గోడ మీద రాసిన హక్కు ఎంతకాలం బతుకుతుందో నాకు తెలుసు. ఎవరూ వాడనంత కాలం బతుకుతుంది.

రెనాటా కీల్ మా పక్కవీధి మనిషి. బడి వంటగదిలో వంట చేస్తుంది. చిన్నప్పుడు గడ్డి మోపుల మీద ఆడుకుంటుంటే అన్న చేతిలోని పంగల పార గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. మొగుడు చమురు బావుల పనికని నార్త్ డకోటాకి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. మంచు కరిగి రోడ్లు తెరుచుకున్నాక ఒకరోజు మా గ్యారేజీ తలుపు తట్టి, గురి చూసి కాల్చడం నేర్పమంది. ఎందుకమ్మా అంటే, “ఒక కన్ను మూసుకుని ఆడే ఆట ఇదొక్కటేగా మార్లిస్, నాకు సగం పని ముందే అయిపోయింది,” అంది.

నేర్పాను. మొదట్లో తూటా ముట్టుకోనివ్వలేదు. గ్యారేజీ నేల మీద బోర్లా పడుకోబెట్టి, ఖాళీ తుపాకీతో గోడ మీది చుక్కని గురి చూడమన్నాను. ఊపిరి వదిలి, వదిలిన చోట ఆగి, పొంగిన పిండి మీద వేలు ఆనించినట్టు మెత్తగా నొక్కమన్నాను. పిండి సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు. ఆ తర్వాత తూటాలు చెయ్యడం మొదలుపెట్టాం. కాల్చేసిన ఇత్తడి తొడుగుని కడిగి, సాగినదాన్ని మళ్ళీ సరైన కొలతకి నొక్కి, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ బిళ్ళ దిగ్గొట్టి, మందు తూచి పోసి, పైన గుండు బిగించాలి. ఇది వంటలాంటిదే అంటారు చాలామంది. అబద్ధం. కూరలో ఉప్పెక్కువైతే నీళ్ళు పోస్తావు. తూటాలో తేడా వస్తే అది నీ చెంప పక్కనే పేలుతుంది, ఎందుకంటే గురి చూసేటప్పుడు నీ చెంప తుపాకీ మీదే ఆనుకుని ఉంటుంది.

అందుకే మా వాళ్ళకి కొన్ని కట్టుబాట్లున్నాయి. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బా మాత్రమే ఉండాలి. పుస్తకంలో రాసిన తక్కువ కొలత దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. కాల్చిన ప్రతి తొడుగు అడుగునూ వెలుగులో పెట్టి చూసుకోవాలి. ఇంకొకడు చేసిన తూటా నీ తుపాకీలో పెట్టకూడదు.

చివరి కట్టుబాటు అందరికీ కంఠతా వచ్చు. దాన్ని తుంగలో తొక్కే మర్యాద కూడా అందరికీ కంఠతా వచ్చు. క్లబ్బులో పెద్దవాడెవడికైనా కొత్త మనిషి నచ్చితే, తను స్వయంగా చేసిన తూటాల డబ్బా ఒకటి చేతిలో పెడతాడు. వద్దంటే చాచిన చెయ్యి తోసేసినట్టే.

డెల్మర్ ఫాసమ్ మా క్లబ్బు అధ్యక్షుడు. తుపాకీ గొట్టాలు తయారుచేస్తాడు. క్లబ్బుహౌసు గోడ మీద ట్రోఫీలతో ఆయన ఫోటోలే ఉంటాయి. ఆడవాళ్ళందరినీ చిట్టితల్లీ అంటాడు, తనకన్నా పెద్దదాన్నైన నన్ను కూడా. మూణ్ణెల్లు రెనాటా మొహం చూడనివాడు, గురిబోర్డు మీద ఆమె చిల్లులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని ఎవరో చెప్పాక, ఆగస్టు పోటీకి ముందు ఆమె చేతిలో ఒక డబ్బా పెట్టి, నీ పిల్లికూనల తూటాలు అవతల పారేసి ఇవి కాల్చు చిట్టితల్లీ అన్నాడు. ఆమె తీసుకుంది.

“అవి కాల్చకు,” అన్నాను ఇంటికెళ్తూ ట్రక్కులో.

“ఆయనకి నీకన్నా ఎక్కువ తెలుసు.”

“తెలిసే ఉండొచ్చు. ఆయన బల్ల మీద ఏమేం ఉన్నాయో నీకు తెలుసా?”

“నీకు ఫ్యాక్టరీలో మేనేజరుదీ తప్పే, చర్చిలో పాస్టరుదీ తప్పే, ఇప్పుడు డెల్మర్‌దీ తప్పే. ఇన్నాళ్ళూ క్లబ్బులో నన్నేమని పిలిచారో తెలుసా? వంటావిడ. ఆయన డబ్బా ఇచ్చాక మొదటిసారి నా పేరు పెట్టి పిలిచారు.”

నాకు కోపమొచ్చింది, ఆమె మీద కాదు. ఒక మనిషిని పేరు పెట్టి పిలవడానికి ఆమె ఉన్న ఒక్క కన్నూ పందెం కాయాలా?

పోటీ రోజు పొద్దున గాలి లేదు. మా లోయలో అది అరుదు. వెయ్యి గజాల పొడుగునా జెండాలు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. అటువంటి గాలిలేని గంట కోసం మావాళ్ళు ఏడాదంతా కాసుక్కూచుంటారు. అందరూ వరసగా చాపల మీద బోర్లా పడుకున్నారు. రెనాటా పక్క చాప డెల్మర్‌ది. ఆమె వెనక కుర్చీలో స్కోరు రాస్తూ నేను. దూరంగా గుంటలో ఉన్నవాళ్ళు గురిబోర్డు దించి, చిల్లు చోట గుర్తు పెట్టి మళ్ళీ లేపుతున్నారు. డెల్మర్ గుర్తులన్నీ ఒక సాసరు కింద దాచెయ్యొచ్చు, అంత దగ్గరగా పడుతున్నాయి. ఆ రోజు ఆయన ఏదో పెద్దది కొట్టబోతున్నాడని వరసంతటికీ తెలిసిపోయింది.

రెనాటా మొదటి తూటా కాల్చింది. చప్పుడే వేరుగా వచ్చింది. ఖాళీ తొడుగు బయటికి తియ్యడానికి బోల్టు పిడి పైకెత్తబోతే అది బిగుసుకుపోయింది. రెండు చేతులూ పెట్టి లేపింది. డెల్మర్ తన స్కోపులోంచి కన్ను తియ్యకుండానే, కొత్త తొడుగులు, అలాగే ఉంటాయన్నాడు. రెండోది కాల్చింది. ఈసారి పిడి అసలు కదల్లేదు. ఆయన తన పెట్టెలోంచి రబ్బరు సుత్తి తీసి ఆమె చాప మీదికి దొర్లించాడు.

“కొట్టు చిట్టితల్లీ. అది తుపాకీ, పింగాణీ గిన్నె కాదు.”

ఆమె కొట్టింది. బోల్టు ఊడొచ్చింది, తొడుగు ఎగిరి నా బూటు దగ్గర పడింది. తీసి చూశాను. అడుగున ప్రైమర్ బిళ్ళ రైలు పట్టా మీద పెట్టిన నాణెంలా చదునైపోయి ఉంది. దాని అంచు చుట్టూ నల్లటి మసి. అంటే లోపలి నిప్పు వెనక్కి, ఆమె మొహం వైపుకి దారి వెతుక్కుంటోంది. రెనాటా అప్పటికే మూడోది పెట్టి బోల్టు మూసేస్తోంది.

“ఆపండి,” అని అరిచాను. అరుపంటే అరుపు. దుంపల యంత్రాల మీదుగా సమ్మె చాటింపు వేసిన గొంతు అది.

వరస ఆగింది. బోల్టులు తెరిచారు, తూటాలు తీసేశారు, అందరూ లేచి తుపాకులకి దూరంగా జరిగారు. కనీసం అంతవరకు కట్టుబాటు పనిచేసింది. రేంజి పెత్తనం చేసే కర్టిస్ బీల్, ఉద్యోగానికి పోస్ట్‌మన్, పరుగెత్తుకుంటూ వచ్చి ఎవరికేమైందన్నాడు. ఇంకా ఏమీ కాలేదు, అందుకే అరిచానన్నాను. తొడుగు చూపించాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి డెల్మర్ మొహం వైపు చూశాడు. నేను చూపించింది తొడుగు, అతను చదివింది డెల్మర్ మొహం. అక్కడే నాకు కాలింది.

డెల్మర్ మందు కొంచెం ఘాటు, అంతేనన్నాడు. ఇక్కడ అందరూ ఘాటుగానే కాలుస్తారు, చలికాలంలో చేసినవి ఎండకి ఇంకాస్త ఘాటెక్కుతాయి, ఇంతోటి దానికి వరసంతా ఆపాలా అని అడిగాడు. వెనక ఎవరో గొణిగారు. అంతలో జెండాలు కదలడం మొదలైంది. ఆ గంట పోయింది. మళ్ళీ మొదలుపెట్టినా డెల్మర్ మిగతా గుండ్లు గాలిలో కాల్చుకోవాల్సిందే. నన్ను చూసిన చూపుల్లో అదే ఉంది. ఆమె కన్ను గురించి ఒక్కరి చూపులోనూ లేదు.

“సరే, ఘాటే కదా,” అన్నాను. “నీ తుపాకీలోనూ ఇదే తూటా పడుతుంది. ఆ డబ్బాలోంచి ఒకటి తీసి నువ్వు కాల్చు.”

ఆయన నవ్వాడు. తన గొట్టం ఆమెదానికన్నా బిగుతన్నాడు. కొలతలు వేరన్నాడు. నలుగురూ వింటుండగా ఇంకా ఏవేవో అన్నాడు. చెయ్యి మాత్రం డబ్బా వైపు పోలేదు.

కర్టిస్ గడియారం చూసుకుని, కాసేపట్లో మళ్ళీ కాల్పులు మొదలవుతాయని, పాల్గొనాలా వద్దా అన్నది రెనాటా ఇష్టమని తీర్పు చెప్పాడు. మనిషిని గోతి అంచుకి తీసుకెళ్ళి, దూకడం దూకకపోవడం నీ ఇష్టమన్న మాట అది. నేను ఇంక చెయ్యగలిగింది లేదు. వరసనైతే ఆపగలను, ఆమెని ఆపలేను.

రెనాటా నా వైపు కూడా కోపంగానే చూసింది. అందరి ముందూ తన పరువు తీశాననుకుంది, నాకు తెలుసు. డెల్మర్ చెయ్యి వైపు, డబ్బా వైపు చూసింది. తర్వాత నా పెట్టె దగ్గరికొచ్చి, గుండు ఊడదీసే ప్లాస్టిక్ సుత్తి తీసుకుంది. దాని బోలు తలలో తూటా బిగించి మొద్దు మీద కొడితే గుండూ మందూ విడిపోయి ఆ బోలులోకి రాలతాయి. తప్పు చేసుకున్న తూటా విప్పుకోవడానికి ఎవరింట్లో వాళ్ళు వాడుకునేది. ఇంకొకడి తూటాని, అదీ అధ్యక్షుడి తూటాని, పోటీ వరసలో అందరి ముందూ విప్పడం మా దగ్గర మొహాన ఉమ్మేసినట్టు.

మొదటిది విప్పి కాగితం పళ్ళెంలో పోసింది. నల్లటి సన్నని పుల్లల్లాంటి మందు, అంతా ఒకే రకం. డెల్మర్ చూశావా అన్నాడు. ఆమె ఇంకోటి బిగించింది. అందులోంచి పుల్లలతో పాటు చదునైన చిన్న రేకులు రాలాయి. ఆ రేకులు రైఫిల్ మందు కాదు. పిస్తోలు మందు, కన్నుమూసి తెరిచేలోపు మండేది. డెల్మర్ పెళ్ళాం పిస్తోలు కాలుస్తుంది, ఆమెకి తూటాలు చేసిపెట్టేదీ ఆయనే.

అందరూ పళ్ళెం మీదికి వంగారు. డెల్మర్ కూడా వంగాడు. మొహంలో నెత్తురు లేదు. ఆ రోజు అదొక్కటే ఆయన నిజం చెప్పిన క్షణం, నోటితో కాదు.

“మిగిలిన పిస్తోలు మందు రైఫిల్ మందు డబ్బాలో పోసేసి ఉంటాను,” అన్నాడు చివరికి. “తూచే పోశాను. త్రాసు సరిగ్గానే చూపించింది.”

త్రాసుకి బరువే తెలుసు, మందు రకం తెలీదు. ఆ ముక్క మొదటి రోజే కొత్తవాళ్ళకి చెప్పేదీ ఆయనే.

“ఎవరికైనా జరగొచ్చు,” అన్నాడు ఇంకా.

బోర్డు మీది ‘ఎవరైనా’ అలా ఆయన నోట్లోకి ఎక్కింది. తప్పు చెయ్యడానికి ఎవరైనా. ఆపమనడానికి మాత్రం కాదు. అది మధ్యాహ్నం తేలింది.

మధ్యాహ్నం చెట్ల కింద బల్లల మీద అందరూ తెచ్చిన తిండి పరిచారు. పంది మాంసం వేసిన చిక్కుడుగింజలు, బంగాళాదుంపల సలాడ్, పుల్లటి రూబార్బ్ కాడలు నింపి కాల్చిన తీపి పై. తింటూనే డెల్మర్ మిత్రుడొకడు లేచి, కాల్పులు ఆపమనే అధికారం ఇకమీదట రేంజి పెత్తందారుకే ఉండాలని తీర్మానం పెట్టాడు. అయినదానికీ కానిదానికీ అరిస్తే పోటీలు సాగవట. మందు మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను లేచి ఎత్తాను. ఆ మూడోది కాలి ఉంటే ఈపాటికి ఆమెని బిల్లింగ్స్ పట్నం ఆసుపత్రికి మోసుకుపోతూ ఉండేవాళ్ళం, మీరు ఈ చిక్కుళ్ళు తింటూ ఉండేవాళ్ళు కాదన్నాను. కూర్చో మార్లిస్, ఇది ఫ్యాక్టరీ గేటు కాదన్నారు. ఫ్యాక్టరీ గేటే నయం, అక్కడ యజమాని మొహం ఎదురుగా కనిపిస్తుందన్నాను. ఒకరిద్దరు నవ్వారు. వాళ్ళే తర్వాత తీర్మానానికి చెయ్యెత్తారు.

డెల్మర్ అంతకుముందే రెనాటా దగ్గరికొచ్చి, ఏం కాలేదుగా చిట్టితల్లీ, ఆ డబ్బా ఇటిచ్చెయ్, మిగతావి నేను చూసుకుంటానన్నాడు. ఆమె ఇవ్వలేదు. డబ్బా, సుత్తి, మొద్దు, పళ్ళెం పట్టుకుని బల్ల చివర కూర్చుంది. ఒక్కో తూటా బిగించి మొద్దు మీద కొట్టడం మొదలుపెట్టింది. ఠక్. ఠక్. గుండొక వైపు, మందు పళ్ళెంలోకి. పక్కన సిగరెట్లు కాలుస్తున్నవాళ్ళు లేచి దూరంగా పోయారు.

కర్టిస్ తీర్మానం చదివాడు. ఠక్. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు, ఆ చప్పుడులో వినపడక మళ్ళీ అడగాల్సొచ్చింది. చేతులు లేచాయి. చాలా లేచాయి. వద్దనేవాళ్ళన్నాడు. నాది లేచింది. రెనాటా చేతులు ఖాళీగా లేవు. తీర్మానం నెగ్గిందన్నాడు.

ఠక్.

పళ్ళెంలో పుల్లలూ రేకులూ కలిసి కుప్ప పెరుగుతోంది. కొన్ని తూటాల్లో ఒక్క రేకూ లేదు, కొన్నిట్లో సగానికి సగం రేకులే. ఎవరూ అటు చూడకుండా తమ తిండి తినాలని ప్రయత్నిస్తున్నారు, అందరూ అటే చూస్తున్నారు. డెల్మర్ ఫోర్కు కింద పెట్టేశాడు.

“ఇంక చాలు, రెనాటా. ఆపు.”

చిట్టితల్లి కాదు. పేరు.

ఆమె తల ఎత్తలేదు. “ఆపమనేది ఇక కర్టిస్ ఒక్కడేగా. ఆయన్ని చెప్పమనండి.”

అందరూ కర్టిస్ వైపు తిరిగారు. అతను పళ్ళెం చూశాడు. డెల్మర్‌ని చూశాడు. చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెనాటా డబ్బాలో చెయ్యి పెట్టి ఇంకోటి తీసింది.