చెరోటిచ్ ముందు పరిగెత్తేవాడు

చీలమండ విరిగిన కిమారు మళ్లీ పరుగు మొదలెట్టగానే కోచ్ చెసిరే అతన్ని, అతని భార్య చెరోటిచ్ ఉన్న ఆడవాళ్ల గుంపులో పడేశాడు. సాధనలో పరుగు నడిపించే మనిషిని దాటడం కెన్యాలోని ఆ ఇతెన్ ఊళ్లో పొగరు కింద లెక్క. అందుకని నెలల తరబడి పళ్లు కొరుక్కుంటూ ఆడవాళ్ల వెనకే ఎర్రదుమ్ము మింగాడు. ఎదురొచ్చే మగవాళ్లు ఊరుకుంటారా?

"ఏరా, ఇంట్లో ఉగాలీ సంకటి కెలికేది కూడా నువ్వేనా?"

ఇవాళ కొండ మలుపులో ఇక తట్టుకోలేకపోయాడు. కాలు బాగైందని చూపించాలని అందరినీ దాటేశాడు. భార్యను వెనక వదిలేద్దామని ప్రాణం పెట్టి పరిగెత్తాడు. ఆమె ఊపిరి మాత్రం అతని వీపును వదల్లేదు.

కొండ పైన చెసిరే వాచీ చూసి గంతేశాడు. "శభాష్! చెరోటిచ్ ఈ కొండను ఇంత వేగంగా ఎప్పుడూ ఎక్కలేదు. ఇక రేసుల్లో ఆమెకు ముందు పరిగెత్తి లాక్కెళ్లేవాడివి నువ్వే."

"మరి నా రేసు?"

"ఆమె గెలిస్తే నువ్వు గెలిచినట్టు కాదా?"

చెరోటిచ్ టీ కప్పు చేతికిచ్చింది. "రేపట్నుంచి అలా ఎగబడకయ్యా. కాస్త సమంగా వెళ్లు, నాకు ఆయాసమొస్తోంది."

కిమారు వంగి చీలమండ నొక్కి చూసుకున్నాడు. పాడు కాలు, ఎక్కడా నొప్పి లేదు.