ఎనిమిది మంది పట్టే గుడారం

సూది విరిగింది. పొద్దున్నుంచి ఇది మూడోది. విరిగిన ముక్కను వేలితో తడిమి తీసి అగ్గిపెట్టెలో వేసి, ఆమె మిషనుకు కొత్త సూది బిగించింది. మోకాళ్ళ మీంచి జారిపోతున్న బరువైన కాన్వాసు గుడ్డను మళ్ళీ పైకి లాక్కుంది. ఇరవై మూడేళ్ళుగా ఈ టార్పాలిన్ల దుకాణంలో కుడుతోంది. లారీల మీద కప్పేవి, అంగళ్ళ ముందు ఎండకు కట్టేవి, అన్నీ ఆమె చేతి మీదుగా పోయినవే. కుడి చూపుడువేలి చివర చర్మం ఎంత మొద్దుబారిందంటే, అక్కడ సూది గుచ్చుకున్నా ఆమెకు తెలియదు.

ఈ రోజు కుడుతున్నది మాత్రం దుకాణం పని కాదు. పిల్లల స్కౌట్ దళం గుడారం. ఆమె కూతురు ఇప్పుడా దళానికి నాయకురాలు. మూడింటి బస్సుకు ఎనిమిది మంది చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని క్యాంపుకు వెళ్ళాలి. వానలు మొదలయ్యాయి కనుక, గుడారం కారితే క్యాంపు లేదని పిల్లల తల్లిదండ్రులు తేల్చి చెప్పారు. క్యాంపు అవగానే కూతురు అటునుంచి అటే వేరే ఊళ్ళో కొత్త ఉద్యోగంలో చేరుతుంది. అంటే తను నాయకురాలిగా నడిపే క్యాంపుల్లో మొదటిదీ ఇదే, చివరిదీ ఇదే. "నేను కుడతాను, కారదు" అని సోమవారం నాడు తల్లి మాట ఇచ్చేసింది.

డెబ్బై ఏళ్ళ దుకాణం యజమాని కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, గుడారం అంచు పట్టి చూశాడు.

"ఇది గుడారమా, అతుకుల బొంతా? చివికిపోయిందమ్మాయ్. కుట్టు ఎక్కడ నిలబడుతుంది?"

"నిలబడుతుంది బాబాయ్‌గారూ. మీరు కాస్త అవతలికి జరగండి, వెలుతురు రావాలి."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకంట!" అని గొణుక్కుంటూ ఆయన జరిగాడు. జరిగినవాడు లోపలికి వెళ్ళి మైనపు ముద్ద తెచ్చి, అడగకుండానే ఆమె మిషను పక్కన పెట్టాడు.

అసలు ఆమె ఈ స్కౌట్ల గొడవలో పడడమే వింతగా జరిగింది. కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు, రెండు తాళ్ళను కలిపే ముడి నేర్చుకు రమ్మన్నారు. పుస్తకంలో బొమ్మ చూసి తల్లే నేర్పింది. మొదటిసారి కుడి కొసను ఎడమదాని మీద వేయాలి, రెండోసారి ఎడమదాన్ని కుడిదాని మీద వేయాలి. ఒకసారి బాగా కుదిరిన పనిని రెండోసారి మార్చడమెందుకని, ఆమె రెండుసార్లూ ఒకేలా వేయించింది. కుట్టు గట్టిగా ఉండాలంటే అదే కుట్టు మళ్ళీ వేస్తారు మరి. కొడుకు ఆ విద్యను దళమంతటికీ నేర్పాడు. తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి గుడారంలోకి తల పెట్టగానే ముడులన్నీ ఒకదాని వెంట ఒకటి జారిపోయి, గుడారం ఆయన నెత్తి మీద కూలింది.

ఎవరు నేర్పారని అడిగితే వాడు ఛాతీ విరిచి "మా అమ్మ!" అన్నాడట. స్కౌట్ మాస్టరు కబురు పంపాడు. ఆమె చీవాట్లు తినడానికి సిద్ధపడి వెళ్ళింది. ఆయన తిట్టలేదు. చేతిలో తాడు ముక్క పెట్టి, "పిల్లల్లో కూర్చోండమ్మా" అన్నాడు. కూర్చుంది. అప్పటినుంచి పద్నాలుగేళ్ళు ఆమె ఆదివారాలన్నీ దళానివే. పిల్లలు ఆమెకు "ముడుల పిన్ని" అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళకు మీసాలొచ్చాయి, కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి, పేరు మాత్రం అలాగే ఉంది.

ఏం రోజులవి! కొడుకు విజిల్ వేస్తే ఇల్లంతా లేవాల్సిందే. వాళ్ళ నాన్న చెంపల మీద సబ్బు నురగతోనే వచ్చి వరసలో నిలబడేవాడు. వంట బ్యాడ్జీ కోసం వాడు కాల్చిన బంగాళాదుంపలు పైన బొగ్గు, లోపల పచ్చి. మిగతా ముగ్గురూ కిక్కురుమనకుండా తిన్నారు. కూతురిది ఇంకో దారి. రోజుకో మంచి పని చెయ్యాలన్నారని, సాయంత్రం కాగానే తల్లి కత్తెరను తనే దాచేసేది. తల్లికి వెతికి వెతికి తలప్రాణం తోకకొచ్చాక, "ఇదిగో అమ్మా, నేనే వెతికిపెట్టాను" అని తెచ్చిచ్చి, పుస్తకంలో రాసుకునేది. వారం దాటాక గానీ దొంగ దొరకలేదు. ఆ సాయంత్రాలను ఇప్పుడెవరైనా తిరిగిస్తానంటే ఆమె కళ్ళకద్దుకుని పుచ్చుకుంటుంది.

ఒంటిగంటన్నరకు కూతురు వచ్చింది. మెడలో స్కార్ఫు, భుజాన సంచీ, ముఖంలో కంగారు. దుకాణం వెనక పెరట్లో ఇద్దరూ మేకులు దిగ్గొట్టి గుడారం నిలబెట్టారు.

"అమ్మా, నువ్వు లోపల కూర్చుని చూడు. నేను నీళ్ళు పోస్తాను."

"నెమ్మదిగా పొయ్యవే!"

"వాన నెమ్మదిగా పడుతుందేంటి?"

లోపల నేల మీద కూర్చుని ఆమె పైకి చూసింది. ఏ అతుకు ఏ ఏడాదిదో చూస్తేనే తెలిసిపోతుంది. ఆ పచ్చది పెద్ద గాలివాన వచ్చిన ఏడాదిది. ఆ నీలంది కొడుకు పొయ్యి మరీ దగ్గరగా పెట్టినప్పటిది. మొదటి బకెట్టు దభాలున పడింది. రెండోది పడింది. మూడోది యజమాని స్టూలెక్కి మరీ కుమ్మరించాడు. ఆమె మణికట్టు మీద చల్లగా ఒక చుక్క రాలింది.

ఆమె "ఆపండి!" అని అరిచి, వెంట తెచ్చుకున్న మైనం తీసుకుని పై కుట్టు పొడుగునా ఆ మొద్దువేలితో రుద్దింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దింది.

"ఇప్పుడు పొయ్యండి."

మళ్ళీ మూడు బకెట్లు పోశారు. మెడ పట్టేసినా ఆమె చూపు దించలేదు.

"కారట్లేదే! ఒక్క చుక్క కూడా కారట్లేదు!"

సగం తడిసిన కూతురు పాక్కుంటూ లోపలికి వచ్చి, తల్లి భుజం మీద వాలిపోయి నవ్వింది.

"ఇందులో ఎనిమిది మంది పడతారంటావా?"

"మీరు పదకొండు మంది పడుకునేవాళ్ళు. నీ కాళ్ళు మాత్రం ఎప్పుడూ బయటే ఉండేవి."

కూతురు తడిసిన స్కార్ఫు పిండుకుంది. "ఇక నేనుండను కదా, ఆదివారాలు ఏం చేస్తావమ్మా?"

"ఏం చేస్తాను, పడుకుంటాను. పద్నాలుగేళ్ళ నిద్ర అలాగే మిగిలిపోయింది."

తడి గుడారాన్ని విప్పి చుట్టేశారు. సాయంత్రం క్యాంపులో మళ్ళీ వేసేదే కనుక అక్కడే ఆరుతుంది. చెరో కొస పట్టుకుని వీధి చివరికి మోసుకెళ్ళారు. బస్సు దగ్గర ఎనిమిది మందీ వరసలో నిలబడి, "ముడుల పిన్నీ!" అని ఒక్కసారిగా గోల చేశారు. గుడారం బస్సు మీదికెక్కింది. కూతురు తల్లిని గట్టిగా పట్టుకుని, చప్పున వదిలి, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ లోపలికెక్కింది. వెనక్కి తిరిగి చూసే తీరిక లేదు. ఎనిమిది మంది పిల్లలుంటే అలాగే ఉంటుందని తల్లికి తెలుసు. ఏడుపూ వచ్చింది, దానికంటే ఎక్కువగా సంతోషం వచ్చింది. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

తిరిగి వస్తుంటే కాలికి రాయి గుచ్చుకున్నాక గానీ తన కాళ్ళకు చెప్పులు లేవని తెలియలేదు. తనలో తాను నవ్వుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. పెరడంతా బురదబురదగా ఉంది. మధ్యలో మాత్రం గుడారం ఉన్నంత మేర నేల చాప పరిచినట్టు పొడిగా, తెల్లగా మిగిలింది. దాని మీద ఆమె చెప్పుల జత ఉంది, చుక్క తడి లేకుండా.