చచ్చినవాళ్లకు చాయ్

మార్నింగ్ షోకు గేటు తీయకముందే ఖాతూన్ పొయ్యి వెలిగించి, అల్లం దంచి, చాయ్ మరగబెడుతుంది. ఆలేరు రైల్వే గేటు పక్కనున్న టాకీసులో క్యాంటీను ఆమెది. తెర వెనక చిన్న తలుపొకటి సరిగ్గా ఆమె పొయ్యి పక్కనే తెరుచుకుంటుంది. సినిమాలో చచ్చినవాళ్లు ఇంటర్వెల్‌లోనో, ఆట అయ్యాకో ఆ తలుపు గుండా వచ్చి, చాయ్ తాగి, పై ఆటకు మళ్లీ లోపలికి పోతారు. ఇంటిల్లిపాదీ చూసే సినిమా అయితే ఏ ముసలాయనో ఒక్కడు వస్తాడు. ఆయనకు ఖాతూన్ చక్కెర తక్కువ వేసి ఇస్తుంది.

ఎవరికి చాయ్ పోసినా ఏ ఊరు, ఎవరి పిల్లగాడివి అని ముందు అడగాల్సిందే. బతికినవాళ్లయినా, చచ్చినవాళ్లయినా సరే. ఊరూ పేరూ తెలియనివాడికి పోస్తే గోడకు పోసినట్టేనని ఆమె నమ్మకం.

ఆ శుక్రవారం పెద్ద సినిమా దిగింది. దేశదేశాలు తిరిగి మనుషుల్ని చంపే కిరాయి హంతకుడి కథ. ఎంత డబ్బు పోసి తీశారో పోస్టర్ మీదే గొప్పగా వేసుకున్నారు. టాకీసు ఓనరు ప్రేమ్‌సాగర్ మాత్రం క్యాంటీను ముందు నిలబడి మెల్లగా అన్నాడు.

"ఖాతూనమ్మా, గీ బొమ్మ రెండో వారం ఆడకుంటే టాకీసు మూస్త. పత్తి గోదాముకు అడుగుతున్నరు."

"ఆడుతది సేటు. నువ్వు ఫికర్ జెయ్యకు," అంది ఖాతూన్. ఆడకపోతే పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకూ తెలియదు. కానీ ధైర్యం చెప్పడంలో ఆమె ఎప్పుడూ పిసినారితనం చూపలేదు.

ఇంటర్వెల్‌కు తలుపు తెరుచుకుంటే చచ్చినవాళ్ల వరుస రైల్వే గేటు దాకా పోయింది. సూట్లు తొడిగినవాళ్లు, సముద్రంలో మునిగి బట్టల్లోంచి నీళ్లు కారుతున్నవాళ్లు, భుజాల మీద మంచు ఉన్నవాళ్లు. దారి ఇవ్వమని ఆటోలవాళ్లు వాళ్లకు హారన్ కొట్టారు. పాలు సగం వరుసకే అయిపోయాయి.

"ఏ ఊరు బిడ్డా?" అని మంచు కోట దగ్గర చచ్చిన పొడుగాటి కాపలావాణ్ని అడిగింది ఖాతూన్.

"తెలియదమ్మా. మాకు తుపాకులు ఇచ్చారు గానీ పేర్లు ఇవ్వలేదు," అన్నాడతను. డబ్బింగ్ సినిమా కదా, అందరూ పుస్తకంలో అచ్చేసినట్టే మాట్లాడుతున్నారు.

ఆదివారానికి హాలు పలచబడింది. గొర్రెల కాపరి సైదులు ఏ సినిమానూ వదలడు. మందను తమ్ముడికి అప్పగించి మ్యాట్నీ చూసి, మిర్చిబజ్జీ తింటూ తీర్పు చెప్పాడు.

"కొట్లాటలైతే కమాల్ అక్కా. మంచుల బండి మీద తరుముడు, రైలు మీద గుద్దులాట, అన్నీ మన ముంగటనే అయితున్నట్టుంది. ఒక్క దెబ్బ గూడ అబద్ధం లేదు. వాడు ఉరుకుతుంటే మనకు ఆయాసమొస్తది."

"మరి మంది ఎందుకు తగ్గిన్రు?"

"గంతమంది సస్తరు, ఒక్కనికి గూడ ఈడ సప్పుడు గాదు," అని సైదులు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా మందల గొర్రె సస్తే గూడ మా అవ్వ దాని పేరు వట్టి ఏడుస్తది."

ఖాతూన్‌కు దారి దొరికింది. సోమవారం మార్నింగ్ షో అయ్యాక చచ్చినవాళ్లందర్నీ కూర్చోబెట్టి చాయ్‌తో పాటు పేర్లు కూడా పంచింది. నువ్వు పరశురాములు, మోత్కూరు, మీ చెల్లె త్రివేణి టీచర్ కొలువుకు చదువుతాంది. నువ్వు విజేందర్, నీకు మొన్ననే పెండ్లి కుదిరింది. ఊళ్ల పేర్లు తడుముకున్నప్పుడల్లా సైదులు అందించాడు. చివరికి పొడుగాటి కాపలావాడు మిగిలాడు. అప్పటికే మ్యాట్నీ బెల్లు మోగుతోంది. తొందరలో నోటికొచ్చింది చెప్పేసింది.

"నువ్వు ముస్తకీమ్. ఆలేరే. మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు. గోలీలు ఏసుకునుడు మర్సిపోతది."

ఆ ఆటలో హంతకుడు మంచు కోట చేరి తుపాకి గురిపెట్టాడు. కాపలావాడు జేబులోంచి ఫోన్ తీశాడు.

"అమ్మా, గోలీలు వేసుకున్నావా?"

తుపాకి పేలింది. ఆడవాళ్ల వరుసలో ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. గోడ ఇవతల ఖాతూన్ చాయ్ కలపడం ఆపి మోకాలు పట్టుకుంది. ఆ మోకాళ్ల నొప్పులు ఆమెవే. బిడ్డలు లేని మనిషి, తల్లి అనుకోగానే ఆమెకు తానే గుర్తుకొచ్చింది.

కబురు రైలు కన్నా ముందు పోయింది. భువనగిరి నుంచీ జనగామ నుంచీ జనం దిగారు. ప్రేమ్‌సాగర్ నవ్వుతూ వచ్చి, "నీ నోట్ల చక్కెర పొయ్య ఖాతూనమ్మా. గిట్లనే నడిస్తే రెండో వారం ఖాయం," అన్నాడు. ఖాతూన్ నవ్వలేదు. ఆట ఆటకూ అదే పిలుపు, అదే పేలుడు. ముస్తకీమ్ వచ్చి కూర్చుంటాడు గానీ ఇప్పుడు చాయ్ ముట్టడం లేదు.

"పేరు లేనప్పుడు నొప్పి తెలియలేదమ్మా," అన్నాడు బుధవారం.

ఖాతూన్ లెక్క చూసుకుంది. టాకీసు నిలవాలంటే వీడు తూటాకు పడాలి. మ్యాట్నీ బెల్లు మోగగానే లేవబోయిన ముస్తకీమ్ చెయ్యి పట్టుకుంది.

"పోకు. మీరెవ్వలు పోకున్రి."

"టాకీసు మూసేస్తారమ్మా."

"మూస్తే మూయనియ్యి. పొయ్యి యాడన్న పెట్టుకుంట. కొడుకును యాడ తెచ్చుకుంట?"

లోపల ఆట మొదలైంది. హంతకుడు మంచు కోటకు వచ్చాడు. చంపడానికి ఒక్కడూ లేడు. గదులు వెతికాడు, ఓడ వెతికాడు, రైలు వెతికాడు. ఆఖరికి తెర తెల్లగా మిగిలి, చిన్న తలుపు తెరుచుకుంది. ఇన్ని ఆటల్లో ఎన్నడూ చావనివాడు, క్యాంటీను మొహమే ఎరగనివాడు బయటికొచ్చి ముస్తకీమ్ మీద తుపాకి ఎత్తాడు.

ఖాతూన్ ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది.

"ఏ ఊరు బిడ్డా? ఎవరి పిల్లగానివి?"

హంతకుడు జేబులు తడుముకున్నాడు. జేబునిండా పాస్‌పోర్టులున్నాయి, ఒక్కొక్కదాంట్లో ఒక్కో దొంగపేరు. అంత డబ్బు పోసి తీసినవాళ్లకు అతనికో ఊరు పెట్టాలని తట్టలేదు. అతను తుపాకి దించాడు.

"నాకూ ఎవరూ చెప్పలేదమ్మా."

"గట్లైతే కూసో," అని ముస్తకీమ్ పక్కన జాగా చూపించింది ఖాతూన్.

లోపల తెల్ల తెర ముందు నుంచి ఒక్కరూ లేవలేదు. గోడ అవతలి మాటలన్నీ వింటూ చివరిదాకా కూర్చున్నారు. పై ఆటకు అందరూ, హంతకుడూ మళ్లీ తెరలోకి పోయారు. సినిమా రెండో వారమూ ఆడింది, ప్రేమ్‌సాగర్ పత్తివాళ్లను తిప్పి పంపాడు. ఇప్పుడు అది ఎక్కడ ఆడినా హంతకుడు మంచు కోట ముందు తుపాకి దించి లోపలికి నడిచిపోతాడు. సినిమాకు ఆ ఒక్క సీనే ప్రాణమనీ, అది డైరెక్టరు తెలివనీ పేపర్లవాళ్లు రాశారు. రాసుకోనీ.

టాకీసులో సినిమా మారినప్పుడు మిగతా అందరూ ఆ రీళ్లతో పాటే వెళ్లిపోయారు, ముస్తకీమ్ పోలేదు. గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాడు. రాత్రి క్యాంటీను కట్టేసి ఇద్దరూ ఇంటికి పోతుంటారు. పొడుగు కాళ్లవాడు, నాలుగు అంగల్లో దాటిపోగలడు. అయినా ఖాతూన్ ఎంత మెల్లగా నడిస్తే అంతే మెల్లగా నడుస్తాడు.