మధ్యలో వచ్చిన మోటారు

మిషన్ బాబాయి నలభై ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేశాడు. మోకాళ్ళు మొరాయించి దుకాణం మూసేశాక, కూతురు ఆయన ఎదురుగా ఫోను నిలబెట్టి, "నాన్నా, నీకు తెలిసిందంతా దీనికి చెప్పు. వినేవాళ్ళున్నారు" అంది. నిజంగానే విన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి వీడియోల్లో వచ్చే ప్రకటనల మీదే ఇల్లు గడిచిపోతోంది.

కాకపోతే వీడియో ఎనిమిది నిమిషాలు దాటితేగానీ మధ్యలో ప్రకటనలు పడవు. దారం ఎందుకు తెగుతుందో ఆయన రెండు నిమిషాల్లో తేల్చేయగలడు. ఇప్పుడు ముందు కబుర్లు, ఆపైన ఇంకొన్ని కబుర్లు, అసలు సంగతి ఎప్పుడో చివర్లో. చూసేవాళ్ళు జారిపోకుండా మధ్యమధ్యలో ఊరించాలని కూతురు నేర్పింది. మొదట్లో ఆయనకు సిగ్గేసేది. పోనుపోను "ఇప్పుడొక ముఖ్యమైన మాట చెబుతాను, జాగ్రత్తగా వినండి" అనడం అలవాటైపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ మిషన్ తలను చంటిబిడ్డలా ఎత్తుకుని లోపలికొచ్చింది. పక్క ఊళ్ళో బట్టలు కుడుతుందట. చూపుడువేలికి ఇంత కట్టు.

"బాబాయిగారూ, మీరు చెప్పిన మోటారే పెట్టించాను. ఇలా అయింది."

"నేనా? నేనే మోటారు గురించీ చెప్పలేదమ్మా!"

ఆవిడ ఎడంచేత్తో ఫోను తీసి చూపించింది. తెరమీద ఆయనే, "ఇప్పుడొక ముఖ్యమైన మాట చెబుతాను" అంటున్నాడు. ఆ వెంటనే ఎవడో నవ్వుతూ చవక మోటారు పట్టుకుని, "మేస్త్రీలంతా మెచ్చింది ఇదే!" అన్నాడు.

బాబాయి ఆ మోటారు బిగించి చూశాడు. పెడల్ మీంచి కాలు తీసేసినా మరో నాలుగు కుట్లు వేసిగానీ అది ఆగలేదు. అందులో ఒకటి ఆవిడ వేల్లోంచి దిగిందన్నమాట.

"నన్ను నాలుగు తిట్టమ్మా" అన్నాడు.

"అయ్యో, ఎందుకండీ? సూది మార్చడం దగ్గర్నుంచి అన్నీ మీ దగ్గరే నేర్చుకున్నా. మీరన్నారంటే ఇంకొకర్ని అడగను."

దానికన్నా తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది ఆయనకు.

మోటారు పీకేసి, మునుపటిలా కాలితో తొక్కుకునేలా సరిచేసి పంపించాడు. ఆ సాయంత్రమే అలాంటి మోటార్లు కొనొద్దంటూ రెండు నిమిషాల వీడియో చేశాడు. మర్నాడు తెరిచి చూస్తే, ఆయన నోరు విప్పకముందే అదే మోటారు ప్రత్యక్షం!

"ఇదేంటే?"

"ఏ ప్రకటన వేయాలో మన చేతిలో ఉండదు నాన్నా. నువ్వు మోటారన్నావు, వాళ్ళు మోటారు వేశారు."

"అయితే ఆపేయ్. అన్నిట్లోనూ."

"మరి ఇల్లో?" అంది కూతురు. "ఊరించమని నేర్పింది నేనే కదా..."

"మూలన పడున్నవాణ్ణి లేపి కూర్చోబెట్టావే పిచ్చిదానా. అది చాలు."

ముందుగదిలో బల్ల వేసి, కూర్చుని చేయగలిగిన రిపేర్లు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. బరువులు కూతురు ఎత్తేది. ఇల్లు బొటాబొటిగానే నడిచింది. వీడియోలు చూసేవాళ్ళు తగ్గారు.

వారం తర్వాత ఆవిడకు తనే ఫోన్ చేశాడు. "వేలు వంగుతోందా తల్లీ?"

"కొంచెం కొంచెం. మిషన్ తొక్కగలుగుతున్నా. కాజాలే కుట్టలేకపోతున్నా."

"కాజాలు ఇక్కడికి పంపించు" అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "నీ వేలు నయమయ్యేదాకా నేను కుట్టిపెడతాను."